అన్ని మెసెంజర్లనూ ఒకే విండోలో పెట్టుకుని ప్రశాంతంగా పని చేసుకుంటున్నవారు ఉన్నారా?

ప్రూఫుల_పేజీ

నాది ప్రూఫులు దిద్దే పని. రోజంతా కంప్యూటర్ ముందే ఉంటాను. పని ఇచ్చేవాళ్లు ఏడెనిమిది మంది, ఒక్కొక్కరిది ఒక్కో దారి. ఇద్దరు వాట్సాప్‌లో ఫైళ్లు పంపుతారు. ఒకరు టెలిగ్రామ్ తప్ప మరొకటి ముట్టరు. ఒక సంస్థ స్లాక్‌లోకి రమ్మంటుంది. బొమ్మలు వేసేవాళ్లంతా డిస్కార్డ్‌లో ఉంటారు. ఒక రచయిత రాతప్రతిని సిగ్నల్‌లో తప్ప పంపరు. వాట్సాప్‌లోనే నాకు రెండు నంబర్లు, ఒకటి ఇంటికి, ఒకటి పనికి.

పోయిన వారం ఒక నవలలో ఏడో అధ్యాయం దిద్దుతున్నాను. 112వ పేజీ దగ్గర మొదలుపెట్టి రాత్రి పదకొండింటికి 151 దాకా వచ్చాను. పడుకునే ముందు ఒకసారి చూద్దామని పక్కనున్న ట్యాబ్ తెరిస్తే, సాయంత్రం అయిదుంబావుకే వచ్చి కూర్చున్న సందేశం కనిపించింది: "ఏడో అధ్యాయం మారుతోంది, దిద్దకండి, కొత్త ఫైలు పంపుతాను." నలభై పేజీల శ్రమ బూడిదలో పోసిన పన్నీరైంది. మెమరీ ఆదా చేయడానికి బ్రౌజర్ ఆ ట్యాబ్‌ను నిద్రపుచ్చిందట. అందుకే గంట మోగలేదు.

అంతకుముందు ఇంకొకటి జరిగింది. ఒక ప్రచురణకర్తకు పంపవలసిన తప్పుల పట్టికను ఇంకొకరి గ్రూపులో పెట్టాను. ఆయనకు నా పాత నంబరే తెలుసు కాబట్టి ఆ గ్రూపు ఇంటి నంబరులో ఉంది. రెండు విండోలూ ఒకే పచ్చరంగు, చూడటానికి కవల పిల్లలు. వెంటనే తొలగించాను గానీ అప్పటికే ఇద్దరు చూసేశారు. అచ్చుకాని పుస్తకం వివరాలు బయటపడితే నా మాట ఎవరు నమ్ముతారు?

అన్నిటినీ కలిపి చూపించే యాప్ ఒకటి పెట్టి చూశాను. కంప్యూటర్ మూలగడం మొదలుపెట్టింది, తీసేశాను. ఆరేళ్ల నాటి ల్యాప్‌టాప్, 8 జీబీ మెమరీ. నాకు కావలసినవి రెండే: ఏ సందేశమూ నా కన్ను తప్పి పోకూడదు, ఒకరికి పంపినది ఇంకొకరికి చేరకూడదు.

వడ్రంగిపిట్ట

ట్యాబ్‌లను పిన్ చేయండి. బ్రౌజర్ అమరికలలో నిద్రపుచ్చకూడని సైట్ల జాబితా ఉంటుంది, వీటిని అందులో చేర్చండి. కొత్త యాప్ అవసరమే లేదు.

ప్రూఫుల_పేజీ

ఒకే బ్రౌజర్‌లో రెండు వాట్సాప్ నంబర్లు ఎలా?

వడ్రంగిపిట్ట

క్రోమ్, ఎడ్జ్‌లలో రెండు ప్రొఫైళ్లు పెట్టుకోండి. ఫైర్‌ఫాక్స్‌లో కంటైనర్ ట్యాబ్‌ల ఎక్స్‌టెన్షన్ ఉంది, ఒకే విండోలో రంగురంగుల ట్యాబ్‌లుగా వేర్వేరు లాగిన్‌లు నడుస్తాయి. వివాల్డీలో అయితే పక్క పట్టీలోనే పేజీలు తెరుచుకుంటాయి. నేను మూడేళ్లుగా కంటైనర్లతోనే నెట్టుకొస్తున్నాను.

గవాక్షం

నేను అన్ని మెసెంజర్లనూ ఒకే విండోలో చూపే ఫెర్డియం అనే యాప్ వాడుతున్నాను, ఓపెన్ సోర్స్. దీని వంశం చెబితే పేర్ల గందరగోళం తీరుతుంది. మొదట ఫ్రాంజ్ వచ్చింది. దాని కోడ్ నుంచి ఫెర్డీ చీలింది. ఫెర్డీ నుంచి 2022లో ఫెర్డియం పుట్టింది. రాంబాక్స్, వేవ్‌బాక్స్ వేరే ఇళ్లవి గానీ పని చేసే తీరు దాదాపు ఒకటే.

ఎడమవైపు ఒక పట్టీ, అందులో సర్వీసుల బొమ్మలు. నొక్కితే ఆ సర్వీస్ వెబ్ పేజీ కుడివైపు తెరుచుకుంటుంది. ప్రతి సర్వీస్‌కూ కుకీలు, లాగిన్ విడివిడిగా ఉంటాయి కాబట్టి రెండు వాట్సాప్ నంబర్లే కాదు, మూడైనా పెట్టుకోవచ్చు. కంట్రోల్ మీటతో 1, 2, 3 నొక్కితే ఆ వరసలోని సర్వీస్‌కు వెళ్తుంది. సర్వీసులను గుంపులుగా విడగొట్టే వర్క్‌స్పేస్‌లు ఉన్నాయి. నాకు "పని" ఒకటి, "ఇల్లు" ఒకటి. పని గుంపులో ఉన్నప్పుడు ఇంటి బొమ్మలు కనిపించవు.

ఒకటి ముందే చెప్పాలి. ఇది సందేశాలన్నిటినీ ఒక జాబితాలో కలిపి చూపదు. ఒకే ఇల్లు, వేర్వేరు గదులు, అంతే.

ర్యామ్_లెక్కలు

గవాక్షం గారు గదులు అన్నారు. ఒక్కో గదికి ఎంత అద్దె కడుతున్నామో నేను చెబుతాను.

ఫెర్డియం, రాంబాక్స్ లాంటివి ఎలక్ట్రాన్ మీద కట్టినవి. ఎలక్ట్రాన్ అంటే క్రోమ్‌కు మూలమైన క్రోమియం బ్రౌజర్‌ను, జావాస్క్రిప్ట్ కోడ్‌ను నడిపే నోడ్‌ను కలిపి ఒక పెట్టెలో పెట్టినట్టు. గిట్‌హబ్‌లో 2013లో ఆటమ్ ఎడిటర్ కోసం మొదలైంది. మీరు ఆరు సర్వీసులు చేర్చారంటే ఆరు వెబ్ పేజీలు ఎప్పుడూ తెరిచే ఉంటాయి, ఒక్కోదానికి ఒక్కో ప్రాసెస్. నా కంప్యూటర్‌లో టాస్క్ మేనేజర్ తెరిచి చూస్తే తేలికపాటి పేజీ 200 ఎంబీ దగ్గర, బరువైనది 500 పైన కనిపిస్తోంది. ఆరూ కలిపితే రెండు జీబీ దాటుతుంది. 8 జీబీ ల్యాప్‌టాప్‌లో పీడీఎఫ్ తెరిచి, వర్డ్ తెరిచి, వాటి పక్కన ఇదంతా నడిపితే మూలగక ఏం చేస్తుంది?

గవాక్షం

లెక్క ఒప్పుకుంటాను. కానీ రెండో వైపు కూడా చూడండి. స్లాక్, డిస్కార్డ్, సిగ్నల్ సొంత డెస్క్‌టాప్ యాప్‌లు కూడా ఎలక్ట్రానే. విడివిడిగా పెట్టుకుంటే ఒక్కొక్కటీ తన క్రోమియంను తాను మోసుకొస్తుంది. కలిపి పెడితే పేజీలు వేరైనా కింద ఉండే ప్రధాన ప్రాసెస్, గ్రాఫిక్స్ ప్రాసెస్ ఉమ్మడివే.

ర్యామ్_లెక్కలు

అది నిజమే, ఆ మేరకు నా మాట సవరించుకుంటున్నాను. అయితే టెలిగ్రామ్‌ను మాత్రం బయటే ఉంచమంటాను. టెలిగ్రామ్ డెస్క్‌టాప్ ఎలక్ట్రాన్ కాదు, సీ ప్లస్ ప్లస్ భాషలో, క్యూటీ అనే పరికరాల పెట్టెతో రాశారు. పాత కంప్యూటర్ మీద కూడా గాలిలా నడుస్తుంది, మూడు ఖాతాల దాకా అందులోనే పెట్టుకోవచ్చు. అంత తేలికైన యాప్‌ను వదిలి దాని వెబ్ పేజీని ఇంకో పెట్టెలో తెరవడం నాకు మనసొప్పదు.

చిన్నిపలక

ఫెర్డియంలో హైబర్నేట్ అని ఒకటి ఉంది కదా. వాడని సర్వీస్‌ను నిద్రపుచ్చుతుంది, మెమరీ వెనక్కి వస్తుంది. సమస్య తీరినట్టే.

గవాక్షం

చిన్నిపలక గారూ, ప్రూఫుల పేజీ గారి నలభై పేజీలు పోయింది సరిగ్గా అందుకే! నిద్రలో ఉన్న సర్వీస్‌కు సందేశం వచ్చినా మనకు తెలియదు. ట్యాబ్ నిద్రపోయినా అంతే, ఇది నిద్రపోయినా అంతే. కొంత వ్యవధికి ఒకసారి తనంతట లేచి చూసుకునే అమరిక ఉంది గానీ ఆ వ్యవధి మధ్యలో వచ్చినది ఆగే ఉంటుంది. అందుకే ప్రతి సర్వీస్‌కూ హైబర్నేట్‌ను విడిగా అమర్చుకోవాలి. డబ్బు వచ్చే సర్వీసులకు నిద్ర వద్దు. కబుర్ల గ్రూపులు హాయిగా నిద్రపోనివ్వండి.

పాతతంతి

ఈ చర్చ చూస్తుంటే గుండె బరువెక్కుతోంది. ఇరవై ఏళ్ల క్రితం మేము ఈ సమస్యను ఇంతకంటే బాగా పరిష్కరించుకున్నాం.

1996లో ఐసీక్యూ, 97లో ఏఓఎల్ వాళ్ల ఎయిమ్, 98లో యాహూ, 99లో ఎంఎస్ఎన్ మెసెంజర్లు వచ్చాయి. నాలుగింటిలో నాలుగు రకాల స్నేహితులు. అప్పుడూ ఇదే గోల. దానికి మందుగా 1998లో గెయిమ్ అనే ప్రోగ్రామ్ పుట్టింది. ఆ పేరులో తమ "ఎయిమ్" వినిపిస్తోందని ఏఓఎల్ అభ్యంతరం పెట్టడంతో, 2007లో అది పిడ్జిన్‌గా మారింది. పిడ్జిన్ వెబ్ పేజీలు తెరిచేది కాదు. లిబ్‌పర్పుల్ అనే లైబ్రరీ ప్రతి సర్వీస్ భాషనూ నేర్చుకుని నేరుగా సర్వర్‌తో మాట్లాడేది. స్నేహితులందరూ ఒకే జాబితాలో అక్షరక్రమంలో ఉండేవారు. ఎవరు ఏ సర్వీస్‌లో ఉన్నారో పేరు పక్కన చిన్న బొమ్మ చూస్తే తెలిసేది. మ్యాక్ మీద అడియమ్ కూడా ఆ లైబ్రరీతోనే నడిచింది. దీనంతటికీ ఇప్పటి ఒక్క ట్యాబ్ తినేంత మెమరీ కూడా పట్టేది కాదు.

అంతకంటే మేలైన దారి కూడా అప్పుడే తెరుచుకుంది. 1999లో జాబర్ మొదలైంది, దాన్నే తర్వాత ఎక్స్ఎంపీపీ అన్నారు. ఈమెయిల్ లాగే ఎవరి సర్వర్ నుంచి ఎవరి సర్వర్‌కైనా సందేశం పోతుంది. గూగుల్ టాక్ 2005లో దాని మీదే వచ్చింది. ఫేస్‌బుక్ చాట్ కూడా కొన్నాళ్లు ఆ తలుపు తెరిచి ఉంచింది. వాట్సాప్ సర్వర్లు సైతం మొదట్లో ఎజాబర్డీ అనే ఎక్స్ఎంపీపీ సర్వర్ మీద కట్టినవే. 2013లో హ్యాంగౌట్స్ వచ్చాక గూగుల్ ఆ దారి వదిలేసింది. ఫేస్‌బుక్ 2015లో మూసేసింది. స్లాక్ తన ఐఆర్‌సీ (ఇంకో పాత చాట్ పద్ధతి), ఎక్స్ఎంపీపీ ద్వారాలను 2018 మేలో మూసింది. కలిసి మాట్లాడుకోవడం చేతకాక కాదు, వాళ్లకు ఇష్టం లేక ఆగిపోయింది. ఆ బాధ నాకు ఇప్పటికీ తగ్గలేదు.

చిన్నిపలక

ఆ నాలుగింటిలో ఇప్పుడు ఏదైనా బతికి ఉందా?

పాతతంతి

ఒక్కటీ లేదు. ఎంఎస్ఎన్ 2013లో స్కైప్‌లో కలిసింది, స్కైప్ కూడా 2025 మేలో మూతపడింది. ఎయిమ్ 2017 డిసెంబరు 15న, యాహూ మెసెంజర్ 2018 జూలై 17న, ఐసీక్యూ 2024 జూన్ 26న ఆగిపోయాయి. ఐసీక్యూ నంబరు నాకు ఇప్పటికీ నోటికి వచ్చు. పిడ్జిన్ మాత్రం ఉంది. ఏ వ్యాపారం నీడలోనూ లేనిది మిగిలింది, చూడండి.

వడ్రంగిపిట్ట

పాతతంతి గారి జ్ఞాపకశక్తికి దండం. నాకు నిన్న పెట్టుకున్న పాస్‌వర్డ్ గుర్తుండదు.

వారధి

పాతతంతి గారి కోరిక పూర్తిగా చచ్చిపోలేదు. 2014లో మ్యాట్రిక్స్ అని ఒక బహిరంగ ప్రమాణం మొదలైంది. ఎలిమెంట్ అనే యాప్‌తో వాడతారు. దీనికి వారధులు ఉన్నాయి. వాట్సాప్, టెలిగ్రామ్, సిగ్నల్, స్లాక్, డిస్కార్డ్ ఒక్కోదానికి ఒక్కో వారధి. అటు వచ్చిన సందేశాన్ని ఇటు మ్యాట్రిక్స్ గదిలో పెడుతుంది, ఇక్కడ రాసినదాన్ని అటు చేరుస్తుంది. అన్నీ నిజంగానే ఒకే జాబితాలో కనిపిస్తాయి. గవాక్షం గారి మాటల్లో చెప్పాలంటే గోడలు తీసేసిన పెద్ద హాలు.

నేను సొంత సర్వర్ మీద నడుపుతున్నాను. వారాంతాల్లో కొంత సమయం దానికి ఇవ్వాలి. ఒక సర్వీస్ లోపల ఏదో మారుస్తుంది, వారధి తెగుతుంది, కొత్త వెర్షన్ వేయాలి. అంత ఓపిక లేనివాళ్లకు బీపర్ ఉంది, ఇదే ఆలోచనను సిద్ధంగా అందిస్తుంది. ఆటోమాటిక్ సంస్థ 2023లో టెక్స్ట్స్ అనే ఇలాంటి యాప్‌ను, 2024 ఏప్రిల్‌లో బీపర్‌ను కొనుక్కుంది.

తాళంచెవి

వారధి గారూ, ఆ హాలులో ఒక ముఖ్యమైన గోడ కూడా పడిపోతోంది. వాట్సాప్, సిగ్నల్‌లలో సందేశం పంపినవాళ్ల పరికరంలో తాళం పడుతుంది, అందుకున్నవాళ్ల పరికరంలోనే తెరుచుకుంటుంది. మధ్యలో వారధి ఉంటే, అది ఒక భాషలోని తాళం తీసి, ఇంకో భాషలో తాళం వేయాలి. ఆ క్షణంలో సందేశం విప్పిన ఉత్తరమే. వారధి మీ సొంత యంత్రంలో ఉంటే మీరే చూసుకుంటారు. ఇంకొకరి సర్వర్‌లో ఉంటే వాళ్లను నమ్ముతున్నట్టు. ప్రూఫుల పేజీ గారి రచయిత సిగ్నల్ తప్ప వద్దన్నారంటే కారణం ఉండే ఉంటుంది. ఆయనకు చెప్పకుండా ఆ ఉత్తరాలను వారధి మీదుగా నడపడం న్యాయం కాదు.

వారధి

సొంత సర్వర్ అన్నది అందుకే. బీపర్ కూడా ఈ అభ్యంతరాన్ని పట్టించుకుని చాలా అనుసంధానాలను మన పరికరంలోనే నడిచేలా మార్చింది. కానీ రచయిత విషయంలో మీరన్నది నిజం, అడిగి చేయాలి.

ఎర్రసిరా

వారధులంటే నాకు భయం. ఒక సర్వీస్‌కు అనధికార యాప్‌తో కలిపాను, పేరు చెప్పను. పదో రోజు ఉదయం లేచి చూస్తే ఖాతా ఆపేశారు. అందులో నాలుగేళ్ల సంభాషణలు, మా అమ్మ పంపిన గొంతు సందేశాలు ఉన్నాయి. విజ్ఞప్తి పెట్టుకుంటే తొమ్మిది రోజులకు తిరిగి ఇచ్చారు. ఆ తొమ్మిది రోజులు నేను పడ్డ ఆందోళన ఎవరికీ వద్దు. చేరే ముందు ఆ సర్వీస్ నియమాలు చదవండి, ముందుగా అన్నీ ఇంకో చోట భద్రపరచుకోండి.

తాళంచెవి

ఎర్రసిరా గారు చెప్పింది అందరూ గుర్తుపెట్టుకోవాలి. సర్వీస్ తానే ఇచ్చిన వెబ్ పేజీని తెరవడం వేరు, దాని సర్వర్‌తో అనధికారంగా మాట్లాడటం వేరు. టెలిగ్రామ్ బయటివాళ్లు యాప్‌లు రాసుకోవడానికి అధికారికంగా అనుమతి ఇస్తుంది. వాట్సాప్ నియమాలు అనధికార యాప్‌లను ఒప్పుకోవు. డిస్కార్డ్ కూడా మామూలు ఖాతాను ప్రోగ్రామ్‌తో నడపనివ్వదు. 2023 డిసెంబరులో బీపర్ మినీ అనే యాప్ ఆపిల్ వాళ్ల ఐమెసేజ్‌ను ఆండ్రాయిడ్ మీదకు తెస్తే ఆపిల్ కొద్ది రోజుల్లోనే అడ్డుకట్ట వేసింది. తలుపు తీయాలా వద్దా అన్నది ఇంటివాళ్ల చేతిలో ఉన్నంత కాలం ఈ ప్రమాదం ఉంటుంది.

ఫెర్డియం లాంటివాటిలో ఈ బెడద తక్కువ గానీ అసలు లేకపోలేదు. మీ లాగిన్‌లు, కుకీలు అన్నీ ఒకే ఫోల్డర్‌లో ఉంటాయి. ల్యాప్‌టాప్ ఎవరి చేతిలోనైనా పడితే ఒక్క ఖాతా కాదు, అన్నీ పోతాయి. కాబట్టి డిస్క్ మొత్తానికి ఎన్‌క్రిప్షన్ పెట్టండి, లేచి వెళ్లేటప్పుడు తెరకు తాళం వేయండి. కోడ్ అందరికీ కనిపించే యాప్‌ను మాత్రమే ఎంచుకోండి. ఆ యాప్ లోపల మీరు టైప్ చేసే ప్రతి అక్షరాన్నీ అది చూడగలదు.

నెలకు ఒకసారి ఫోనులో వాట్సాప్ తెరిచి "లింక్ చేసిన పరికరాలు" జాబితా చూడండి. ఫోను కాక నాలుగు పరికరాలే లింక్ అవుతాయి. వదిలేసిన ప్రయోగాలన్నీ అందులో వేలాడుతూ ఉంటాయి, గుర్తుపట్టనిది కనిపిస్తే తక్షణం తీసేయండి. ఫోనులో 14 రోజులకు పైగా వాట్సాప్ తెరవకపోతే లింక్ చేసినవన్నీ వాటంతట అవే లాగౌట్ అవుతాయి.

చిన్నిపలక

ఇప్పుడే చూశాను. నా జాబితాలో మూడు ఉన్నాయి, ఒకటి రెండేళ్ల క్రితం వదిలేసిన ఆఫీసు కంప్యూటర్! తీసేశాను. తాళంచెవి గారికి కృతజ్ఞతలు.

ర్యామ్_లెక్కలు

పాత ఆఫీసు రెండేళ్లుగా మీ కబుర్లు వింటోందన్నమాట.

నిశ్శబ్దం

అందరూ ఎలా కలపాలో చెబుతున్నారు. నేను కలపకూడదంటాను.

ఆరు నెలలు నేనూ ఒకే విండోలో పెట్టాను. పట్టీలో ఆరు బొమ్మలు, ఆరింటి మీదా ఎర్ర అంకెలు. ఒక వాక్యం రాస్తాను, అంకె మారుతుంది, చూస్తాను. తిరిగి వచ్చేసరికి వాక్యం ఎక్కడ ఆపానో తెలియదు. విడిగా ఉన్నప్పుడు ఒక్కొక్కదాన్నీ కావాలని తెరిచేవాడిని. కలిపాక అవి నన్ను తెరవడం మొదలుపెట్టాయి. ఇప్పుడు పని ఇచ్చేవాళ్లందరికీ ఒక్క మాట చెప్పాను: అత్యవసరమైతే ఫోను చేయండి, మిగతాదంతా పదకొండింటికి, నాలుగింటికి చూస్తాను. ఎవరూ అలగలేదు.

ప్రూఫుల పేజీ గారూ, మీ ప్రచురణకర్త "దిద్దకండి" అన్న మాటను ఫోనులో చెప్పి ఉంటే ఏ యాప్ కూడా అక్కర్లేకపోయేది.

ప్రూఫుల_పేజీ

మీ మాట గట్టిగా తగిలింది. కానీ పని ఇచ్చేవాళ్లకు షరతులు పెట్టే స్థితి నాకు ఇంకా రాలేదు. కొత్తగా వచ్చిన ఇద్దరికి అయితే చెప్పి చూస్తాను.

చెవిచూపు

నిశ్శబ్దం గారి అనుభవాన్ని గౌరవిస్తూనే వేరే వైపు చెబుతాను. నాకు చూపు లేదు, ఎన్‌వీడీఏ అనే తెరచదువరితో పని చేస్తాను. విడివిడి యాప్‌లంటే నాకు విడివిడి భూగోళాలు. ఒకదానిలో సందేశాల జాబితా హెడింగ్ మీటతో దొరుకుతుంది, ఇంకొకదానిలో ట్యాబ్ మీట పదిహేను సార్లు నొక్కాలి, మరొకదానిలో బటన్‌కు పేరే ఉండదు, "బటన్, బటన్, బటన్" అని చదువుతుంది. కలిపిన యాప్‌లో పేజీలు ఎలాగూ మారవు గానీ వాటి మధ్య నడక ఒక్కటే. కంట్రోల్ 1 అంటే పని, కంట్రోల్ 2 అంటే ఇల్లు, అది వేళ్లకు అలవాటైపోయింది. తప్పు చోట పంపడం నాకు బాగా తగ్గింది. ఎందుకంటే రాసే పెట్టెలోకి వెళ్లేముందు విండో శీర్షిక ఒకసారి చదివించుకుంటాను. చూపు ఉన్నవాళ్లు రంగు చూసి నమ్మేస్తారు, పేరు చదవరు.

ప్రూఫుల_పేజీ

"రంగు చూసి నమ్మేస్తారు, పేరు చదవరు." అక్షరాలు దిద్దే నేను పైనున్న పేరు చదవకుండా పంపాను. ఈ మాట రాసి తెర పక్కన అంటించుకుంటున్నాను.

గవాక్షం

చెవిచూపు గారి మాట పట్టుకునే మీ రెండో సమస్యకు వస్తాను. అసలు మీరు అడిగినవి రెండూ ఒకదానికొకటి ఎదురు. ఏదీ తప్పిపోకూడదంటే అన్నిటినీ దగ్గరికి తేవాలి. ఎవరిది వాళ్లకే పోవాలంటే దూరంగా ఉంచాలి. వారధి గారి హాలులో మొదటిది బాగా తీరుతుంది, రెండోది పెరుగుతుంది. మీకు గదులే మేలు. అయితే గదులు ఒకేలా ఉండకూడదు.

పని నంబరు వాట్సాప్‌ను ముదురు రంగులో, ఇంటి నంబరును లేత రంగులో పెట్టండి. వాట్సాప్ అమరికల్లోనే ఉంటుంది, ఒక్కో లాగిన్‌కు విడిగా నిలుస్తుంది. వెనకాల వాల్‌పేపర్ కూడా మార్చండి. ఫెర్డియంలో ప్రతి సర్వీస్‌కూ మనకు నచ్చిన పేరు, బొమ్మ పెట్టుకోవచ్చు, పచ్చ బొమ్మలు రెండూ తీసేసి ఒకదానికి ఇల్లు బొమ్మ, ఒకదానికి కలం బొమ్మ పెట్టండి. ఆ పాత నంబరు ప్రచురణకర్తను కూడా మెల్లగా కొత్త నంబరుకు తెచ్చుకోండి, పని గ్రూపు ఇంటి గదిలో ఉండటమే అసలు చిక్కు.

ఎర్రసిరా

ఇంకొకటి కలపండి. ఫైలు పేరులోనే ప్రచురణకర్త పొట్టిపేరు పెట్టుకోండి. పంపే ముందు ఫైలు పేరు, గ్రూపు పేరు రెండూ ఒకే తెరలో కనిపిస్తాయి. పొంతన లేకపోతే కంటికి ముల్లులా గుచ్చుకుంటుంది. రాసిన మాటలో పొరపాటుంటే వాట్సాప్‌లో 15 నిమిషాల దాకా సవరించవచ్చు, తొలగించడానికి రెండు రోజులకు పైగా గడువు ఉంది. కానీ చూసిన కళ్లను ఎవరు తొలగిస్తారు?

చిన్నిపలక

సిగ్నల్‌ను ఫెర్డియంలో చేర్చాలని వెతికితే కనిపించడం లేదు.

తాళంచెవి

కనిపించదు. సిగ్నల్‌కు వెబ్ పేజీ లేదు, కావాలనే పెట్టలేదు. పేజీ తెరిచిన ప్రతిసారీ సర్వర్ నుంచి కోడ్ కొత్తగా వస్తుంది కాబట్టి, ఆ కోడ్‌ను ఎవరైనా మారిస్తే వాడేవాళ్లకు తెలిసే వీలు తక్కువ. డెస్క్‌టాప్ యాప్‌ను విడిగా పెట్టుకోవాలి. ఫోనుతో అయిదు పరికరాల దాకా లింక్ అవుతుంది. పాత సంభాషణలను కొత్త కంప్యూటర్‌కు తెచ్చుకునే వీలు 2025లో వచ్చింది.

నిశ్శబ్దం

చూశారా, "ఒకే విండో" అన్నది అప్పుడే రెండైంది. టెలిగ్రామ్ కూడా బయటే ఉంచమన్నారు, మూడు.

గవాక్షం

ఆరు నుంచి మూడుకు వస్తే అది తక్కువేమీ కాదు.

వారధి

నిశ్శబ్దం గారికి నచ్చుతుందో లేదో గానీ, పరిస్థితి మారే సూచనలు ఉన్నాయి. ఐరోపా సంఘం డిజిటల్ మార్కెట్ల చట్టంలో 7వ అధికరణం ఇందుకే పెట్టారు. పెద్ద మెసెంజర్లు, అడిగిన చిన్న మెసెంజర్లకు తలుపు తీయాలి, తాళం భద్రత తగ్గకూడదు. 2023 సెప్టెంబరులో వాట్సాప్, ఫేస్‌బుక్ మెసెంజర్ రెండూ ఆ జాబితాలోకి వచ్చాయి, 2024 మార్చి నుంచి బాధ్యత మొదలైంది. ముందు ఇద్దరి మధ్య సందేశాలు, ఫైళ్లు. గ్రూపులకు రెండేళ్లు, కాల్స్‌కు నాలుగేళ్లు గడువు ఇచ్చారు.

పాతతంతి

ఐరోపాలో ఉన్నవాళ్లకు మాత్రమే వర్తిస్తుంది, అదీ ఎవరికివారు ఒప్పుకుంటేనే. 2006లో గూగుల్ టాక్ నుంచి నా సొంత జాబర్ సర్వర్‌కు ఏ చట్టమూ లేకుండా సందేశం వచ్చింది. అయినా మొదలైంది కదా, సంతోషమే. చిన్న సర్వీసులు ఆ తలుపులోంచి నడిస్తేనే అది తెరిచి ఉంటుంది.

ప్రూఫుల_పేజీ

రెండు వారాలైంది, ఏం చేశానో చెప్పడం ధర్మం.

ఫెర్డియం పెట్టాను. "పని"లో పని నంబరు వాట్సాప్, స్లాక్, డిస్కార్డ్. "ఇల్లు"లో ఇంటి వాట్సాప్, ఫేస్‌బుక్ మెసెంజర్. పనిలో డిస్కార్డ్ ఒక్కటే నిద్రపోతుంది, బొమ్మలవాళ్లకు తొందర ఉండదు. మిగతా రెండూ ఎప్పుడూ మేలుకునే ఉంటాయి. ఇంటి గుంపు మొత్తం పగలు నిద్ర. టెలిగ్రామ్, సిగ్నల్ బయట, వాటి సొంత యాప్‌లలో. ల్యాప్‌టాప్ మూలుగు తగ్గింది. బ్రౌజర్‌లో ఎప్పుడూ తెరిచి ఉంచిన పన్నెండు ట్యాబ్‌లు మూసేయడం వల్ల కూడా కావచ్చు.

పని వాట్సాప్ ముదురు రంగు, కలం బొమ్మ. ఇల్లు లేత రంగు. పాత నంబరు ప్రచురణకర్తకు కొత్త నంబరు ఇచ్చాను, ఆయన మారడానికి రెండు నిమిషాలు కూడా పట్టలేదు. ఇంతకాలం అడగడానికి ఎందుకు జంకానో తెలియదు. కొత్తగా వచ్చిన ఇద్దరికీ నిశ్శబ్దం గారి మాట చెప్పాను: పని ఆపాలంటే ఫోను చేయండి. ఒకరు నిన్ననే చేశారు, రెండు పేజీల దగ్గరే ఆగాను.

ఒక చిక్కు మిగిలింది. ఒక సర్వీస్ మీద ఎర్ర అంకె 3 చూపిస్తుంది, లోపలికి వెళ్తే చదవనిది ఒక్కటీ లేదు. ఏదైనా తప్పిపోతోందేమోనని రోజుకు నాలుగుసార్లు పైనుంచి కిందిదాకా చూస్తున్నాను.

గవాక్షం

ఏదీ తప్పిపోవడం లేదు. ఫెర్డియంలో ప్రతి సర్వీస్‌కూ రెసిపీ అనే చిన్న కోడ్ ఉంటుంది. అది పేజీని చదివి చదవనివి ఎన్ని ఉన్నాయో లెక్కపెడుతుంది. సర్వీస్ వాళ్లు పేజీ అమరిక మారిస్తే ఆ లెక్క తప్పుతుంది. ముందు ఆ సర్వీస్‌ను రీలోడ్ చేయండి. తగ్గకపోతే యాప్‌ను, రెసిపీలను కొత్త వెర్షన్‌కు తెచ్చుకోండి. అప్పటికీ ఉంటే ఆర్కైవ్‌లో పెట్టిన గ్రూపులు ఒకసారి తెరిచి చూడండి.

ప్రూఫుల_పేజీ

ఆర్కైవ్‌లోనే ఉన్నాయి! ఎప్పుడో పక్కన పెట్టిన పాత గ్రూపులో మూడు సందేశాలు. రెండు పండగ శుభాకాంక్షలు, మూడోది ఒక పాత సహోద్యోగి. ఒక వ్యాససంపుటి ఉందట, దిద్దుతారా అని అడిగారు. వచ్చి అయిదు రోజులైంది. ఇప్పుడే జవాబు రాశాను, పైన పేరు చదివి మరీ పంపాను.

చెవిచూపు

ఆ గ్రూపును ఆర్కైవ్‌లోంచి బయటికి తీయండి.

ప్రూఫుల_పేజీ

తీశాను. కొత్త ఏడో అధ్యాయం కూడా వచ్చింది. 112 దగ్గర కూర్చుంటున్నాను.